ఎవరి గుర్రమో చదవలేదు

ప్రోక్టర్ గారు మా వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్న చోట పోయిన వారం మిమ్మల్ని వదిలిపెట్టాను. అప్పటికి సంగతి ఇదీ. శనివారం రేసులో కాపర్ లేన్ అనే గుర్రం, ఊరంతా గెలుస్తుందని నమ్మిన గుర్రం, చివరి మలుపు దాటగానే కుంటుతూ ఆగిపోయింది. అది ఓడిపోతుందని నేను పందెం వేసి ఉన్నాను. ఆ గుర్రం ట్రైనర్ హాల్డేన్ గారి లాయంలోది. నా భర్త డెక్లన్ అదే లాయంలో పొద్దున్నే గుర్రాలను మైదానం మీద పరుగెత్తించే రౌతు. మేముంటున్న ఈ ఇల్లు కూడా హాల్డేన్ గారిదే. డెక్లన్ కొలువు ఉన్నన్నాళ్ళే మాకు ఈ గోడలు.

లాయం లోపలి కబురు ఇంటికి మోసి, పెళ్ళాం చేత పందెం వేయించాడని తేలితే డెక్లన్ మెడలోని బ్యాడ్జీ తీసేసుకుంటారు. బ్యాడ్జీ లేని రౌతుకి మా ఊరు మిడిల్‌హామ్‌లో పేడ ఎత్తే పని కూడా దొరకదు.

రేసుల సంఘం తరఫున అది తేల్చడానికే ప్రోక్టర్ వచ్చాడు. పూర్వం పోలీసు. జుట్టు పలచబడ్డ తల, తడిసిన కుక్కలా ఓపికైన ముఖం, కోటు జేబు మీద సంఘం గుర్తింపు బిళ్ళ. మా అమ్మ డోరీన్ ఆయన ముందు టీ పెట్టింది.

“చక్కెర ఎంత?”

“వద్దండీ.”

“మా ఇంట్లో తాగితే లంచం అయిపోతుందా ఏంటి?”

“చక్కెర వేసుకుంటేనే అవుతుంది,” అన్నాడాయన, నవ్వకుండా. తర్వాత నా వైపు తిరిగాడు. “కాపర్ లేన్ సంగతి మీకు ఎవరు చెప్పారు, టెస్సా?”

“ఎవరూ చెప్పలేదు. చదివాను.”

“ఏం చదివారు?”

నా పసికూతురు ఐవీ నా ఒళ్ళో ఉంది. దానికి పళ్ళొస్తున్నాయి. నా చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని నములుతోంది. దాని నోటి తడి నా మెడ మీదుగా కిందికి జారుతుంటే నేను మాటలు వెతుక్కున్నాను. నన్ను ప్రశ్నలడిగేవాళ్ళ ముందు ఎప్పుడూ ఇంతే. పదహారేళ్ళకే బడి మానేసినదాన్ని. ఎదుటివాళ్ళు కాగితం తీస్తే చాలు, నాకు నోరు ఎండిపోతుంది.

“ముందు ఒకటి చెప్పాలి సార్. ఏ గుర్రం గెలుస్తుందో నాకు తెలియదు. అది నా పని కాదు. హావ్స్ సంతకి వెళ్ళి గొర్రెను కొనేవాడు దాన్ని కోసుకు తినడు కదా. సాయంత్రం లోపల ఇంకొకడికి ఎక్కువ ధరకి అమ్ముతాడు. నేనూ అంతే. ధరంటే గుర్రం గెలిస్తే పౌనుకి ఎన్ని పౌన్లు ఇవ్వాలో ఆ అంకె. గుర్రం మీద జనానికి నమ్మకం పెరిగితే దాని ధర తగ్గుతుంది, నమ్మకం పోతే పెరుగుతుంది. పెరుగుతుందనుకున్నదాన్ని ముందే అమ్మి, అంటే ఇతరుల పందెం నేను తీసుకుని, పెరిగాక కొంటాను, అంటే నేనే దాని మీద పందెం వేస్తాను; గెలిస్తే ఇచ్చేది తక్కువ, వచ్చేది ఎక్కువ. రేసు మొదలై గేట్లు తెరుచుకునేలోగా లెక్క మూసేస్తాను. తర్వాత ఏది గెలిచినా నాకు ఒకటే.”

“కానీ శనివారం మీరు లెక్క మూయలేదు.”

“లేదు.”

“అమ్మి, అలాగే వదిలేశారు. గేట్లు తెరుచుకున్నాయి. గుర్రం కుంటింది. మొత్తం లాభం మీకొచ్చింది.”

“అప్పుడు ఐవీ గొంతులో రొట్టె ముక్క అడ్డం పడింది,” అన్నాను. చెబుతుంటేనే నా చేతులు దాని వీపు మీదికి వెళ్ళాయి. “ముఖం నీలంగా అయిపోయింది. బోర్లా తిప్పి కొట్టాను. అది ఏడ్చాక నేనూ ఏడ్చాను. మళ్ళీ ల్యాప్‌టాప్ తెర చూసేసరికి రేసు సగం అయిపోయింది.”

ఈ పని చేసేవాళ్ళలో ఎవరినైనా అడగండి. గేట్లు తెరుచుకున్నాక లెక్క తెరిచి ఉంచడమంత పెద్ద తప్పు లేదు. అది తప్పనే నాకు తెలుసు. అది నేరంలా కనబడుతుందని మాత్రం తెలియదు.

“రొట్టె ముక్క,” అన్నాడు ప్రోక్టర్, రాసుకుంటూ.

“నమ్మకపోతే ముక్క తెచ్చి చూపించమంటారా?” అంది అమ్మ. “చెత్తబుట్ట ఇంకా పారబోయలేదు.”

“అమ్మా, ఊరుకో.”

“ఊరుకున్నాను. ఊరుకునే మాట్లాడుతున్నాను.”

ప్రోక్టర్ టీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. “సరే, చదివారు. ఏం చదివారో చెప్పండి.”

చెప్పాను. అది చెప్పడం మొదలుపెడితే నాకు భయం పోతుంది. అంతకుముందు కాపర్ లేన్ పరుగెత్తిన రేసుల్లో ఒక్కో ఫర్లాంగుకి పట్టిన సమయాలు విడివిడిగా అచ్చు వేస్తారు. ఎవరూ చదవరు, కళ్ళు నొప్పులు పుట్టే అంకెలవి. వాన పడి నేల మెత్తగా ఉన్న రోజున అది చివరి రెండు ఫర్లాంగులూ బాణంలా వెళ్ళింది. నేల గట్టిపడిన రోజున అక్కడే చల్లబడింది. ఆ తర్వాతి గట్టి నేల మీద ఇంకొంచెం. రేసు చూసి రాసేవాళ్ళు కింద చిన్న అక్షరాల్లో ఒక మాట పెడతారు, ‘చివర్లో కుడివైపు ఒరిగింది’ అని. గట్టి నేల మీద పరుగెత్తిన ప్రతిసారీ అదే మాట. శనివారం పొద్దున రేసు మైదానం వాళ్ళు నేల గట్టిగా ఉందని ప్రకటించారు. పేపర్లో జోస్యం చెప్పేవాళ్ళు ఆ ప్రకటన రాకముందే గుర్రాన్ని ఆకాశానికెత్తి పెట్టారు. కాబట్టి ధర ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంది. మధ్యాహ్నానికి పెరుగుతుంది. పెరిగింది.

నేను ఆపేసరికి ప్రోక్టర్ పెన్ను కాగితం మీద కదలకుండా ఉంది. నన్నే చూస్తున్నాడు.

“మీరు చాలా బాగా చదువుతారు,” అన్నాడు మెల్లగా. “అదే నాకు ఇబ్బందిగా ఉంది.”

“ఎందుకు?”

“ఇంత సన్న అక్షరాలు చదివిన మనిషి, రేసు కార్డులో గుర్రం పేరు పక్కనే ఉండే ట్రైనర్ పేరు చదవలేదంటే నన్ను నమ్మమంటారా?”

చదవడం రాదంటే డెక్లన్ చెప్పినట్టు. చదవడం వచ్చంటే మా లాయం గుర్రమని తెలిసే చేసినట్టు. రెండు దారుల్లోనూ ఈ ఇంటి తలుపు మూసుకుంటుంది.

“మా ఇంట్లో గుర్రాల మాట ఎత్తుకోం సార్,” అన్నాను. “పెళ్ళైన రోజు నుంచీ అంతే. డెక్లన్ గుమ్మం దగ్గర బూట్లతో పాటు ఆ మాటలూ విప్పేసి లోపలికొస్తాడు. హాల్డేన్ గారి గుర్రాల పేర్లన్నీ నాకు నోటికొచ్చు, వాటి జోలికి పోకూడదు కాబట్టి. కాపర్ లేన్ ఈ మధ్యే దక్షిణం నుంచి వచ్చిందట. పాత కాగితాల్లో పాత ట్రైనర్ పేరే ఉంది. ఫర్లాంగుల లెక్కల్లో ట్రైనర్ల పేర్లుండవు. ధరల తెర మీదా ఉండవు, గుర్రం పేరు, అంకె, అంతే.”

“కార్డులో ఉంటుంది.”

“కార్డు తెరవలేదు. ఆ పొద్దున ఐవీకి ఒళ్ళు వెచ్చగా ఉంది. మామూలుగా ముందు కార్డే చూస్తాను.”

“మామూలుగా,” అన్నాడాయన.

అమ్మ గిన్నెలు తోమడం ఆపేసింది. కిటికీ బయట వీధిలో గుర్రాల వరస ఒకటి మైదానం వైపు వెళ్తోంది. నాడాల చప్పుడు గోడలకి తగిలి లోపలికొస్తోంది. ఎప్పుడూ ఆ చప్పుడు వింటే ఐవీ అటు తిరుగుతుంది. ఇవాళ అది కూడా ప్రోక్టర్‌నే చూస్తోంది.

“ఒక పని చేద్దాం,” అన్నాడు చివరికి. “రిపన్‌లో కాసేపట్లో రేసుంది. నా ముందు చదవండి. శనివారం ఎలా చేశారో అలాగే. డబ్బు పెట్టొద్దు, నోటితో చెప్పండి చాలు. అమ్మేదేమిటో, ఎప్పుడో, మళ్ళీ కొనేదెప్పుడో.”

“తప్పు చెబితే?”

“తప్పొప్పులు కాదు నేను చూసేది.”

ఏం చూస్తాడో చెప్పలేదు. ఐవీని అమ్మకిచ్చాను. అది రెండు చేతులూ చాచి నా మీదికే వాలి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు వింటూ ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రోక్టర్ కుర్చీ జరుపుకుని నా భుజం పక్కకొచ్చాడు. ఆయన కోటు నుంచి పుదీనా బిళ్ళల వాసన వస్తోంది.

ముందు నేల. రాత్రి నీళ్ళు పెట్టారట. ఆ పక్క వాక్యం చదివి ఆగాను. మలుపు దగ్గర లోపలి కంచెను బయటికి జరిపారు, గడ్డి పాడవకుండా. ఎప్పట్నుంచి అని వెతికాను. ఈ రేసులకే. పోయినసారి కంచె లోపలే ఉంది.

“ఇది చూడండి,” అన్నాను. నా గొంతు మారడం నాకే తెలిసింది. “కంచె లోపలుంటే దారి పొట్టి, బయటికి జరిపితే పొడుగు. వింటర్ బెల్ అనే గుర్రం పోయినసారి ఇక్కడే పరుగెత్తింది. దాని సమయం చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెడుతున్నారు. కానీ అప్పుడది పరుగెత్తింది పొట్టి దారి. ఆ సమయం అసలు దానికున్న వేగం కాదు. లెక్కలు కట్టుకునేవాళ్ళు ఇంకా ఇది చదవలేదు, లేకపోతే ధర ఇంత తక్కువ ఉండదు. చదువుతారు. చదివాక వదిలేస్తారు.”

“అమ్ముతారా?”

“ఇప్పుడే అమ్ముతాను. మూడున్నర దగ్గర.”

ప్రోక్టర్ రాసుకున్నాడు. అందరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ధర మూడున్నర నుంచి కదిలింది. కిందికి.

“ఇదేంటే, తగ్గుతోంది?” అంది అమ్మ, ఐవీని ఊపుతూ.

“తెలుసు.”

“పెరుగుతుందన్నావు.”

“అమ్మా, నాకూ కళ్ళున్నాయి.”

మూడు దాకా వచ్చింది. ఇది తప్పైతే శనివారం చదివిందంతా కట్టుకథే అవుతుంది. వేళ్ళు బల్ల అంచుకి నొక్కి పెట్టుకున్నాను. ఎందుకు తగ్గుతోంది? చదివింది తప్పా? మళ్ళీ ఆ వాక్యం చదివాను. తప్పు కాదు. మరి? జనం ఇంకా పేపరు చూసే కొంటున్నారు. అంతే. ఆగాలి.

“మీరైతే బయటపడతారా?” అడిగాడు ప్రోక్టర్.

“ఉండండి.”

ఐవీ ఏడుపు పెద్దదైంది. అమ్మ దాన్ని ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది. “మీ అమ్మ గుర్రం ఏం తిందో చదువుతుందే, తను పొద్దున్నుంచీ ఏం తినలేదో మాత్రం చూసుకోదు,” అని దానికి చెబుతోంది.

అంకె ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత, ఎవరో ఒకడు ఎక్కడో ఆ వాక్యం చదివినట్టు, పైకి కదిలింది. మూడుంపావు. మూడున్నర. ఒకడు వదిలేస్తే పక్కవాడూ వదిలేస్తాడు. నాలుగు. గుర్రాలు గేట్ల వెనక గుండ్రంగా తిరుగుతున్నాయి. నాలుగున్నర.

“ఇప్పుడు కొంటాను. మూసేశాను,” అన్నాను. “అయిపోయింది. గేట్లు ఇంకా తెరుచుకోలేదు, రాసుకోండి సార్.”

రాసుకున్నాడు. గేట్లు తెరుచుకున్నాయి. వింటర్ బెల్ మధ్యలో ఇరుక్కుని, మలుపు దగ్గర బయటికొచ్చి, చివరికి మెడంత దూరంతో గెలిచింది.

“గెలిచిందిగా!” అంది అమ్మ. “నువ్వు ఓడుతుందన్నావు.”

“ఓడుతుందని నేనెప్పుడన్నాను? జనం వదిలేస్తారన్నాను. వదిలేశారు. అది గెలిచినా నా లాభం నాకుంది.”

“అర్థమైతే ఒట్టు,” అంది అమ్మ. అయినా ఆమె ముఖం వెలిగింది. నేనూ నవ్వుతున్నాను, కళ్ళు చెమర్చి. అప్పుడు ప్రోక్టర్ చెయ్యి చాచి ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

“వింటర్ బెల్ ట్రైనర్ ఎవరు?”

నవ్వు నోట్లోనే ఉండిపోయింది. వెతికాను. కంచె గుర్తుంది, నేల గుర్తుంది, సమయాలు ఫర్లాంగుతో సహా గుర్తున్నాయి. ఆ పేరున్న చోట ఏమీ లేదు. నల్లగా ఉంది.

“నాకు తెలియదు,” అన్నాను.

“ఊహించండి.”

“తెలియదు సార్. చూడలేదు.”

“హాల్డేన్,” అన్నాడాయన. “సోమవారమే దక్షిణం నుంచి వచ్చింది. అందుకే ఈ రేసు ఏరుకున్నాను.”

“మళ్ళీనా!” అంది అమ్మ. “ఇంత గొడవ నడుస్తుంటే, ఆయన పక్కన కూర్చుని ఉంటే, మళ్ళీ అదే చేశావా? నిన్ను కన్నందుకు నా తల ఎక్కడ పెట్టుకోను!”

నేను ముఖం చేతుల్లో దాచుకున్నాను. ఇంత భయపడి, రాత్రుళ్ళు నిద్ర మానుకుని, ఆ ఒక్క పేరు మళ్ళీ చదవలేదు. అయిపోయింది అనుకున్నాను. ఇల్లు పోయింది, డెక్లన్ కొలువు పోయింది. నా మూలంగా.

“ఏడవకండి,” అన్నాడు ప్రోక్టర్. “తెలిసిన మనిషైతే ఇవాళ ఆ గుర్రం దగ్గరికి పోయేది కాదు. నా పక్కన కూర్చుని హాల్డేన్ గుర్రాన్ని అమ్మే ధైర్యం దొంగకుండదు. మీ చదువు చాలా గొప్పది టెస్సా, కానీ దానికి ఒక చిల్లుంది. ఆ చిల్లు మీరు నా కోసం పెట్టింది కాదు.”

“అంటే?”

“అంటే మీ ఆయన మీకేమీ చెప్పలేదని రాస్తాను. కార్డు ముందు చదవడం నేర్చుకోండి.”

అమ్మ ఐవీని నా ఒళ్ళో కుదేసి, వెనక్కి తిరిగి ముక్కు తుడుచుకుంది. “చక్కెర వేసుకుంటారా ఇప్పుడు?” అంది. “రెండు చెంచాలు,” అన్నాడు ప్రోక్టర్, మొదటిసారి నవ్వుతూ.

అదే నిమిషంలో వెనక తలుపు తెరుచుకుంది. డెక్లన్. ఒక బూటు విప్పి, రెండోది సగం లాగి, బల్ల దగ్గర మనిషిని చూసి ఆగిపోయాడు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

“భయపడకు,” అన్నాను. “అయిపోయింది. ఆయన నమ్మారు. నువ్వు నాకేమీ చెప్పలేదని రాస్తున్నారు.”

డెక్లన్ ఊపిరి వదిలి గోడకి ఆనుకున్నాడు. నాకు ఆగలేదు. శనివారం నుంచీ వాడి ముఖం చూడలేకపోయినదాన్ని, ఇప్పుడు వాడికి అంతా చెప్పాలనిపించింది.

“అన్నీ కాగితాల్లోనే ఉన్నాయి డెక్, చూపించాను. గట్టి నేల మీద పరుగెత్తిన ప్రతిసారీ కాపర్ లేన్ చివర్లో నెమ్మదించడం, కుడివైపు ఒరగడం. దానికి ఎక్కడో నొప్పి ఉందని అంకెలే చెబుతున్నాయి.”

“కాగితంలో కనిపించిందా అది?” అన్నాడు డెక్లన్.

చాలా మెల్లగా అన్నాడు. కానీ ఆ ‘అది’ దగ్గర వాడి గొంతు తడబడింది. ప్రోక్టర్ చెంచా కలపడం ఆపాడు.

“ఏది, డెక్లన్?”

నేను వాడి ముఖం చూశాను. నాకప్పుడు తెలిసింది. నేను అంకెల్లో వెతికి పట్టుకున్నది వాడికి జీను కిందే తెలిసింది. వాడు గుమ్మం దగ్గర విప్పేసి వచ్చిన మాటల్లో ఇది కూడా ఉంది. నాకు చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే ఇందాక గట్టెక్కాం. ఇప్పుడు మళ్ళీ మునగబోతున్నాం, నా నోటి వల్లే.

“శనివారం పొద్దున ఆ గుర్రాన్ని మైదానం మీదికి తీసుకెళ్ళింది ఎవరు?” ప్రోక్టర్ కాగితం తిప్పాడు. తెల్ల పేజీ.

“నేను జవాబు చెబితే మాకు ఈ ఇల్లుండదు,” అన్నాడు డెక్లన్.

“తెలుసు.”

“తెలిసే అడుగుతున్నారా?”

“దాని మీద కూర్చున్న జాకీ కుర్రాడు మెడ విరగ్గొట్టుకోకపోవడం అదృష్టం. అందుకే అడుగుతున్నాను.”

డెక్లన్ నా వైపు చూశాడు. వాడు అడిగేదేమిటో నాకు తెలుసు. ఐవీ మంచం పై గదిలో ఉంది. దాని గోడకి నేనే పసుపు రంగు వేశాను. ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఐవీ తల నా గడ్డం కింద వెచ్చగా ఉంది. ఆ జాకీకీ ఎక్కడో ఒక తల్లి ఉండే ఉంటుంది.

“చెప్పు,” అన్నాను.

“నేనే,” అన్నాడు డెక్లన్. “మొదటి పరుగులోనే తెలిసింది, ముందుకాలు సరిగ్గా లేదని. దిగి వెంటనే హాల్డేన్‌తో చెప్పాను. దీన్ని ఇవాళ పరుగెత్తించొద్దు అన్నాను.”

ప్రోక్టర్ పెన్ను వేగంగా కదులుతోంది. “ఇంకెవరైనా విన్నారా?”

“విన్నారు. ఆయన పక్కనే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నా మాట విని నవ్వాడు కూడా. రౌతులందరూ గుర్రపు డాక్టర్లే అన్నాడు.”

“ఎవరా మనిషి? లాయం మనిషా?”

“కాదు,” అన్నాడు డెక్లన్. హెల్మెట్ బల్ల మీద పెట్టి, వేలు చాచి ప్రోక్టర్ కోటు జేబు మీద వేలాడుతున్న రేసుల సంఘం గుర్తింపు బిళ్ళను చూపించాడు. “అతని మెడలోనూ ఇదే ఉంది.”